తూచే రాళ్లను తూచేదెవరు? – జాతీయ విద్యా నాణ్యతా సంస్థలపై విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

వేంపల్లెలో శెనక్కాయలు అమ్ముకొనే రైతు కాటా దగ్గర నిలబడినప్పుడు అతని కన్నంతా ముల్లు మీదనే ఉంటుంది. వ్యాపారి రాళ్లు సరైనవా కావా అని చూడడానికి తూనికలు, కొలతల శాఖ ఉన్నది. ఆ శాఖ అధికారి తన దగ్గర ఉన్న ప్రామాణిక రాళ్లతో వ్యాపారి రాళ్లను సరిచూసి ముద్ర వేస్తాడు. అధికారి రాళ్లను అంతకంటె పైస్థాయి రాళ్లతో సరిచూస్తారు. ఆ వరుస న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల వరకు పోతుంది. నన్ను ఎవరూ తూచనక్కరలేదని చెప్పుకొనే రాయి ఈ వరుసలో ఒక్కటీ లేదు.

సంచిలో హెచ్చు రాయి ఒకటి, తగ్గు రాయి ఒకటి పెట్టుకొనేవారిని ధర్మశాస్త్రం గద్దిస్తుంది (ద్వితీ. 25:13-16, సామె. 20:10). ఈ వాక్యభాగాలను మనం సాధారణంగా అంగడివారికే అన్వయిస్తూ వచ్చాము. అయితే మన దేశంలో కళాశాలలను తూచి గ్రేడు ఇచ్చే సంస్థలు ఉన్నాయి, పట్టాల విలువను నిర్ణయించే మండళ్లు ఉన్నాయి. వాటి రాళ్లను ఎవరు తూస్తున్నారు? ఈ ప్రశ్న దైవశాస్త్ర విద్యకు కూడా సంబంధించినది గనుక సహసేవకుల ముందు, వేదాంత విద్యార్థుల ముందు దీనిని ఉంచుతున్నాను.

1. సంస్థలు – వాటి విధానం

1986 జాతీయ విద్యా విధానం, దాని వెనుక వచ్చిన 1992 కార్యాచరణ ప్రణాళికల ఫలితంగా విశ్వవిద్యాలయ నిధుల సంఘం 1994లో బెంగళూరు కేంద్రంగా జాతీయ మూల్యాంకన, గుర్తింపు మండలిని (నాక్) స్థాపించింది. బోధన, పరిశోధన, వసతులు, విద్యార్థులకు అందే సహాయం, పాలన మొదలైన ఏడు ప్రమాణాల మీద ఇది కళాశాలలను అంచనా వేస్తూ వచ్చింది. కళాశాల ముందుగా తన గురించి తానే స్వీయ అధ్యయన నివేదిక వ్రాసి పంపుతుంది. తరువాత తోటి ఆచార్యుల బృందం వచ్చి చూస్తుంది. 2017లో సవరించిన విధానంలో మార్కులలో సుమారు 70 శాతం కళాశాల పంపిన లెక్కల మీద, మిగిలినది సందర్శక బృందం పరిశీలన మీద ఆధారపడింది.

వృత్తి శిక్షణ రంగంలో ఇటువంటి బాధ్యత కోసం 2018లో జాతీయ వృత్తి విద్య, శిక్షణ మండలిని ఏర్పరచారు. దైవశాస్త్ర రంగంలో మనకు తెలిసినది సెరాంపూర్ సెనేట్. కేరీ, మార్ష్‌మన్, వార్డ్ 1818లో స్థాపించిన కళాశాలకు 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన అధికార పత్రం, 1918 నాటి సెరాంపూర్ కళాశాల చట్టం దీనికి ఆధారాలు. అనుబంధ కళాశాలలకు గుర్తింపు, పాఠ్యప్రణాళిక, చివరకు పట్టా, ఈ మూడూ సెనేట్ నుండే వస్తాయి.

2. మేలు ఏమి జరిగింది?

విమర్శకు ముందు న్యాయంగా ఒక మాట చెప్పాలి. తనిఖీ అనేదే లేని కాలంలో ఎన్నో కళాశాలలు గ్రంథాలయం లేకుండా, హాజరు లేకుండా నడిచాయి. నాక్ వచ్చిన తరువాత వారు కనీసం తమ గురించి తాము వ్రాసుకోవలసి వచ్చింది. విద్యార్థుల సంతృప్తి సర్వే కూడా 2017 విధానంలో చేరింది. దైవశాస్త్ర విద్యలో ఉమ్మడి పాఠ్యప్రణాళిక వలన, పేద సంఘం పంపిన విద్యార్థి కూడా పట్టణ సంఘపు విద్యార్థితో సమానమైన పట్టా పొందగలిగాడు. ఇవి చిన్న మేళ్లు కావు.

3. లోపం ఎక్కడ ఉన్నది?

మొదటి లోపం, తూచబడేవాడే తన బరువును చెప్పుకోవడం. పూర్వవిద్యార్థుల అభిప్రాయాలను, ఉద్యోగమిచ్చినవారి అభిప్రాయాలను కూడా కళాశాలే సేకరించి, కళాశాలే సమర్పిస్తుంది. మూల్యాంకనకు రుసుము చెల్లించేది కూడా ఆ కళాశాలే.

రెండవ లోపం, గ్రేడు సరుకుగా మారడం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2012 నిబంధనలతో గుర్తింపును తప్పనిసరి చేసింది. 2018 నిబంధనల ప్రకారం నాలుగింటికి 3.51 లేక అంతకు మించి స్కోరు పొందిన విశ్వవిద్యాలయాలకు అధిక స్వయంప్రతిపత్తి లభించింది. గ్రేడు బోర్డుల మీదికి, ప్రకటనలలోకి ఎక్కింది. అంత లాభం ఒక అక్షరంలో ఉన్నప్పుడు ఆ అక్షరాన్ని కొనాలనే శోధన రాకుండా ఉంటుందా?

ఈ భయం ఊహ కాదు. 2023లో నాక్ కార్యనిర్వాహక సంఘం అధ్యక్షులు భూషణ్ పట్వర్ధన్ గ్రేడుల విషయంలో అక్రమాలు జరుగుతున్నాయన్న అనుమానాలను లేఖలో తెలిపి పదవినుండి తప్పుకొన్నారు. 2025 ఫిబ్రవరిలో మన గుంటూరు ప్రాంతంలోని ఒక డీమ్డ్ విశ్వవిద్యాలయం విషయంలో, మంచి గ్రేడు కోసం లంచం ఇచ్చి పుచ్చుకొన్నారనే ఆరోపణతో కేంద్ర దర్యాప్తు సంస్థ పదిమందిని అరెస్టు చేసింది. వారిలో నాక్ తనిఖీ బృందం సభ్యులు కూడా ఉన్నారు. నేరం నిర్ణయించవలసినది న్యాయస్థానమే. కాని తూచేవారి మీదనే కేసు రావడం మన ప్రశ్నను తప్పించుకోలేనిదిగా చేసింది.

4. చెప్పిన మందులు సరిపోతాయా?

2024 జనవరిలో నాక్, గ్రేడులకు బదులుగా గుర్తింపు ఉన్నది లేక లేదు అనే రెండే మాటల పద్ధతిని ప్రకటించింది. 2025 కేసు తరువాత ప్రత్యక్ష సందర్శనలను తగ్గించి ఆన్‌లైన్ పద్ధతి వైపు తిరిగింది. మొదటి మార్పు గ్రేడు వ్యాపారాన్ని కొంత తగ్గించవచ్చు. రెండవది మాత్రం విందులను ఆపుతుందే గాని, చూపించినదే చూడవలసిన స్థితిని ఆపదు. కెమెరా ముందు పెట్టిన గదినే కెమెరా చూస్తుంది.

ఇక్కడ ఐరోపా దేశాల అనుభవం గమనించదగినది. 2005లో అంగీకరించి 2015లో సవరించిన వారి ఉమ్మడి ప్రమాణాల ప్రకారం, కళాశాలలను తనిఖీ చేసే సంస్థ కూడా కనీసం ఐదేండ్లకొకసారి బయటివారి పరిశీలనకు లోబడాలి. అంటే తూచే రాయిని కూడా గడువు ప్రకారం తూస్తారు. మన దేశంలో లోపించినది ప్రధానంగా ఈ క్రమశిక్షణే అని నా అభిప్రాయం.

తూచడంలో మరొక న్యాయం కూడా ఉంది. మా వేంపల్లె మండలంలోని ఇడుపులపాయలో 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీ ప్రవేశాలలో, ప్రభుత్వ పాఠశాలలో చదివిన పిల్లలకు కొంత అదనపు పాయింటు కలిపే పద్ధతి పెట్టారు. పిల్లవాడు ఎక్కడినుండి బయలుదేరాడో చూసి తూచడం దీని భావం. కళాశాలలను తూచేవారు మాత్రం భవనాల లెక్కను అడిగినంతగా ఈ ప్రశ్నను అడగరు.

5. దైవశాస్త్ర విద్యకు అన్వయం

ఇతరులను విమర్శించి మనలను విడిచిపెట్టుకొనడం తగదు. కొన్నేండ్ల క్రితం ఒక బైబిలు శిక్షణాలయంలో నేను పాఠాలు చెప్పడానికి వెళ్లేవాడిని. పరిశీలకులు వస్తారనగా ముందురోజు సాయంత్రం ఆటోలో పుస్తకాలు వచ్చాయి. అరలు నిండాయి. ఆ వారం గడవకముందే పుస్తకాలు వచ్చిన దారినే పోయాయి. నేను మాట్లాడలేదు. ఆ మౌనం కూడా సంచిలో దాచిన రెండవ రాయే అని తరువాత తెలిసికొన్నాను.

ఏ తనిఖీకి లోబడకుండా కొన్ని నెలలలో పట్టా, కొంత సొమ్ముతో గౌరవ డాక్టరేటు ఇచ్చే చోట్లు ఉన్నాయని మనందరికీ తెలుసు. పట్టా చూసి కాపరిని పిలిచిన గ్రామ సంఘం ఆ నష్టాన్ని ఏండ్ల తరబడి భరిస్తుంది. మరణశయ్య దగ్గర ఏమి చెప్పాలో తెలియని సేవకుని వలన కలిగే లోటు ఏ నివేదికలోను కనబడదు.

గుర్తింపు పొందిన కళాశాలలకు కూడా ఒక ప్రశ్న ఉన్నది. పాఠ్యాంశాన్ని నిర్ణయించేవారు, గుర్తింపు ఇచ్చేవారు, పట్టా ఇచ్చేవారు ఒక్కరే అయినప్పుడు, ఆ వ్యవస్థను బయటినుండి చూసే కన్ను మరి ఎక్కువ అవసరం. ఇది సెనేట్ మీద నింద కాదు, ఏ వ్యవస్థకైనా వర్తించే జాగ్రత్త.

ముగింపు

మూడు సూచనలు చేస్తున్నాను. పరిశీలకుల నివేదికలను సంఘాలు చదువుకొనేలా తెలుగులో ప్రచురించాలి. గుర్తింపు ఇచ్చే సంస్థలు తామే గడువు ప్రకారం బయటివారి పరిశీలనకు లోబడాలి. పట్టభద్రుడు సేవలో ప్రవేశించిన ఐదేండ్లకు అతని సంఘాన్ని, ముఖ్యంగా చదువురాని సభ్యులను, కళాశాల ద్వారా కాక నేరుగా అడగాలి.

ఈ మూడవది కొత్త ఆలోచన కాదు. సిఫారసు పత్రిక ఏదని అడిగినవారికి పౌలు కొరింథు సంఘాన్నే చూపించాడు (2 కొరింథీ. 3:1-3). అతని పట్టా మనుష్యుల జీవితాలలో వ్రాయబడి ఉన్నది, ఎవరైనా చదువుకొనవచ్చును. అటువంటి పత్రికను తనిఖీకి ముందురోజు ఆటోలో తెప్పించలేము.