రెండవ చూపు

రాత్రివేళ తిరుపతి మేడలపైనుండి శేషాచలమువైపు చూచువారికి ఘాట్ రోడ్డు దీపములు కదలక నిలిచియుండగా వాని నడుమ బస్సు వెలుగొకటి మెల్లగా జరుగుచుండును. ఒక్కసారి చూచి కన్ను త్రిప్పుకొన్నచో అదియు దీపములలో దీపమే, కొంతసేపటికి మరల చూచినప్పుడే అది ఎక్కుచున్నదో దిగుచున్నదో తెలియును. అంగారక బృహస్పతుల కక్ష్యల మధ్య సూర్యుని చుట్టు తిరుగు గ్రహశకలములను పట్టు విద్యకును ఈ రెండవ చూపే ప్రాణము.

1861 ఏప్రిల్ 17న చెన్నపట్టణపు వేధశాలలో నార్మన్ పాగ్సన్ దొర, ఫొటోగ్రాఫుల సాయము లేని ఆ కాలమున, ఆకాశమును పటముతో పోల్చి పోల్చి కనుగొన్న 67వ శకలము, ఈ ఖండమునుండి దొరికిన వానిలో మొదటిదగుటచే 'ఆసియా' అనిపించుకొన్నది. సూర్యుని ఒకమారు చుట్టివచ్చుటకు దానికి మూడేండ్ల తొమ్మిది నెలలు పట్టును.

పిదప నూరేండ్లకు పైబడి గడచినవి. చిత్తూరునుండి గుడియాత్తము, ఆంబూరు, వాణియంబాడి మీదుగా పోయి జవాది కొండలెక్కినచో కావలూరు వేధశాల వచ్చును. హైదరాబాదులో పెరిగిన ఖగోళజ్ఞుడు వైనూ బప్పు, పట్టణపు వెలుగులు సోకని చోటని ఏరుకొన్న అడవి అది. అచ్చట 1988 ఫిబ్రవరి 17న రాజమోహన్ గారు 45 సెంటీమీటర్ల ష్మిట్ దుర్భిణితో మరియొక శకలమును పట్టిరి. దుర్భిణి నక్షత్రముల వెంట జరుగుచుండుటచే అవి చుక్కలుగానే పడును, శకలము మాత్రము సన్నని గీటగును. ఆ గీటు ఫిల్ముమీది గీకుడు కాదని చెప్పుటకు మరియొక ఫొటో, మరియొక రాత్రి కావలెను.

అంతమాత్రమున పేరు రాదు. మొదట '1988 డీక్యూ1' అను తాత్కాలిక గుర్తు. అందు 'డీ' ఫిబ్రవరి రెండవ పక్షము, 'క్యూ1' ఆ పక్షమున అది 41వదని లెక్క. కక్ష్య నిశ్చయమైన పిమ్మటనే 4130 అను సంఖ్య, అటుపై రామానుజన్ పేరు. కక్ష్య తెలియనిదే చేతికి చిక్కినదియు జారిపోవును: 1801 జనవరి 1న పియాజ్జీ చూచిన సీరీస్ అను శకలము సూర్యుని వెలుగులో మరుగుపడగా, కొద్దిపాటి పరిశీలనలతో గౌస్ అను యువకుడు లెక్కకట్టి చూపిన చోటనే అది ఏడాది చివర మరల కనబడెను. నాకు సంఖ్యయే పేరుకన్న గొప్ప గౌరవముగా తోచును.

పేరు సూచించు హక్కు కనుగొన్నవారిది, ఆమోదము అంతర్జాతీయ ఖగోళ సంఘముది. రాజకీయ, సైనిక రంగములవారి పేరైనచో వారు గతించిన నూరేండ్లకు గాని పెట్టరాదట. మన వీథులకు పేర్లు పెట్టువారికిని ఈ నియమముండిన ఎంత బాగుండును! ఇక రొక్కము పుచ్చుకొని నక్షత్రమునకు పేరు పెట్టి పత్రమిచ్చు అంగళ్ళున్నవి. శాస్త్రజ్ఞులు వానిని లెక్కచేయరు.

బప్పు పేరిటి 2596వ శకలము కావలూరున దొరికినది కాదు. 1979లో చిలీ దేశపు లా సియ్యా కొండనుండి రిచర్డ్ వెస్ట్ అను డెన్మార్కువాడు కనుగొన్నది.