దోషాన్వేషణ యంత్రమునకు దోషపరిహారము

షోలాపూరు తూర్పుభాగమున పద్మశాలీల మగ్గములపై జకార్డు చాదరు నేయుటకు ముందొక పని గలదు. గళ్ళకాగితముపై వ్రాసిన చిత్రమును బట్టి అట్టలకు రంధ్రములు వేయుదురు. రంధ్రమున్నచోట పడుగుపోగు లేచును, లేనిచోట క్రిందనే యుండును. ఒక్క రంధ్రము తప్పెనా, పువ్వురేకు తెగును. ఆ చిత్రము మరల వచ్చిన ప్రతిచోటను తెగును. కావున నూలు వ్యయము గాకమునుపే అట్టను కాగితముతో సరిచూచుట మేలు.

కంప్యూటరు ప్రోగ్రామును నడపకయే చదివి దోషములు చూపు ఉపకరణముల పనియు నిదియే. బెల్ ప్రయోగశాలలో స్టీఫెన్ జాన్సన్ 1978 నాటికి సి భాషకై రచించిన లింట్ వీనిలో ప్రసిద్ధము. బట్టకంటిన నూగునకు ఆంగ్లమున నదియే పేరు. నేతవాడలో దీనికి వ్యాఖ్య యక్కఱలేదు.

ఇట్టి ఉపకరణమును పోషించుటలోని కష్టములను గూర్చి కవరిటీ సంస్థవారు 2010 ఫిబ్రవరిలో కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏ.సి.యం. పత్రికయందొక వ్యాసము ప్రకటించిరి. తమ యంత్రమును పొగడుకొనక, అది యెచట నవ్వులపాలైనదో చెప్పుటయే దాని ప్రధానగుణము. నూటికి ముప్పదికి మించి మిథ్యాదోషములు చూపినచో జనులు యంత్రమునే విడిచిపెట్టుదురట. యంత్రము మెఱుగుపడి క్రొత్తదోషములు చూపినను యజమానులు సంతసింపరట!

మిథ్యాదోషములను పూర్తిగ తొలగింపరాదా యని యడుగవచ్చును. ప్రోగ్రాముల నడవడిని గూర్చిన సారవంతమైన యే ప్రశ్నకైనను అన్నింటియెడ సరియైన యుత్తరమిచ్చు యంత్రము అసంభవమని హెన్రీ రైస్ 1953లోనే నిరూపించెను. కావున ఒకవైపు సడలించిన నిజదోషము జాఱిపోవును. మఱియొకవైపు బిగించిన నిర్దోషి పట్టువడును. పోషకుని పని యంతయు నీ నడుమనే. నిర్దోషమైన ప్రోగ్రామును యంత్రము తప్పుపట్టినపుడు దిద్దవలసినది సూత్రమునే. మన వ్యాకరణచరిత్ర యీ మార్గము నెఱుగును: చిన్నయసూరి బాలవ్యాకరణమున విడిచిన విషయములను బహుజనపల్లి సీతారామాచార్యులు ప్రౌఢవ్యాకరణమున చేర్చెను గదా! అయితే సూత్రము దిద్దినవాడు రెండు మచ్చులు దాచుకొనవలెను: పట్టవలసినదొకటి, పట్టరానిదొకటి. దిద్దిన ప్రతిసారియు రెంటిపైనను యంత్రమును నడిపి చూడవలెను. లేకున్న నేడు మూసిన రంధ్రము రేపు మఱల తెఱచుకొనును.

వ్యాసమునందొక యంశము మాత్రము సమ్మతింపదగినది కాదు. ఏకకాలమున రెండు పనులు ఒకే విలువను తాకుటవంటి సమకాలదోషములను పట్టుట తమకంత కష్టము గాకున్నను, వానిని పెక్కుమందికి బోధించుట కష్టమగుటచే ఆ పరీక్షలను చాల ఏండ్లు మానుకొంటిమని రచయితలు చెప్పిరి. వర్తకమునకిది తగును. బోధపడని నిజమును కొనువాడు మిథ్య యనుననియు, ఆ యపనమ్మకము తక్కిన నివేదికలకును సోకుననియు వారి భయము. అది నిరాధారము గాదు. కాని నివేదిక మానినంతమాత్రమున దోషము ప్రోగ్రామును విడువదు. లోపము వివరణలో నున్నపుడు వివరణమునే దిద్దవలసియుండెను. అట్టలోని తప్పు పిల్లవానికి తెలియనపుడు నేతపెద్ద ఆ యట్టను వెలుతురున కెత్తిపట్టి, ప్రక్కన గళ్ళకాగితముంచి, ఒక్కొక్క రంధ్రమును వ్రేలితో చూపును.