కనిపించని బండికి లైన్ క్లియర్

రైలు సిమ్యులేటర్ అనగానే చాలామందికి ఇంజను క్యాబే గుర్తొస్తుంది. హారన్ కొట్టడం, బ్రేకు వేయడం, కిటికీ పక్కన పొలాలు వెనక్కి పోవడం. నన్ను అడిగేవాళ్లు కూడా మొదట అదే అడుగుతారు, 'మీరు ఏ ఇంజను నడుపుతారు సార్?' అని. మా ఆదివారం రాత్రుల్లో నేను ఇంజను నడిపేది బాగా తక్కువ. మదనపల్లెలో నేను, పుంగనూరులో ఇద్దరు మిత్రులు, కుప్పంలో కొందరు కుర్రాళ్లు ఎవరింట్లో వాళ్లం కంప్యూటర్ ముందు కూర్చుని, ఒకే సెక్షన్ మీద ఒకే గడియారం ప్రకారం బండ్లు నడుపుతాం. దాన్ని ఏర్పాటు చేయడం నా పని. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరికి ఏం తెలియాలి, అన్నిటికంటే ముఖ్యంగా ఎవరికి ఏం తెలియకూడదు అన్నది నేను చూసుకుంటాను.

మేం వాడేది ఓపెన్ రైల్స్. 2001లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ట్రైన్ సిమ్యులేటర్ కోసం తయారైన రూట్లను, బండ్లను నడపడానికి ఔత్సాహికులు కలిసి కట్టుకున్న ఉచిత సాఫ్ట్‌వేర్ అది. అందులో ఒకరు హోస్టుగా ఉంటే మిగతావాళ్లు నెట్ ద్వారా వచ్చి కలుస్తారు. హోస్టు ముందు మొత్తం సెక్షన్ మ్యాపు ఉంటుంది. ఏ బండి ఎక్కడుందో కనిపిస్తుంది, సిగ్నల్‌ని చేత్తో ఆపి పెట్టొచ్చు, వదలొచ్చు. హోస్టు ఇష్టపడితే ఇంకొకరికి కూడా ఆ అధికారం ఇవ్వొచ్చు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. సాఫ్ట్‌వేర్ అందరికీ అన్నీ చూపిస్తుంది. రైల్వేలో ఎవరికీ అన్నీ కనిపించవు.

మా రూటు పీలేరు నుంచి ములకలచెరువు దాకా. పాకాల–ధర్మవరం లైన్లో మా ఊరి ముక్క. స్టేషన్ పేరు మదనపల్లె రోడ్, ఉండేది మాత్రం ఊరికి దూరంగా సీటీఎం దగ్గర. పట్టాలు, పాయింట్లు, సిగ్నళ్లు, ఎత్తుపల్లాలు మేమే వేసుకున్నాం. చెట్లు, ఇళ్లు అంతంతమాత్రం. వాటి మీద పెట్టే సమయాన్ని స్టేషన్లలో బండ్లు పక్కకు ఆగే లూపు లైన్ల పొడవు సరిచూడటం మీద పెట్టాలని మొదటే అనుకున్నాం. ఆ నిర్ణయం మంచిదేనని ఇప్పటికీ నా నమ్మకం. ఈ లైన్ ఎంచుకోవడానికి సొంత ఊరి మమకారం ఒక కారణమైతే, అది సింగిల్ లైన్ కావడం ఇంకా పెద్ద కారణం. ఎదురెదురుగా వచ్చే రెండు బండ్లకు ఒకే పట్టా. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట లూపులో ఆగాలి. ఎవరు, ఎక్కడ, ఎంతసేపు అన్నది తేల్చడంలోనే ఆ రాత్రంతా గడుస్తుంది.

రైల్వేలో దీన్ని తేల్చేది సెక్షన్ కంట్రోలర్. కంప్యూటర్లు రాకముందు ఆయన ముందు ఒక పెద్ద చార్టు ఉండేది. అడ్డంగా గంటలు, నిమిషాలు. నిలువుగా స్టేషన్లు. ప్రతి బండీ దాని మీద ఒక ఏటవాలు గీత. అటు పోయే బండి గీత, ఇటు వచ్చే బండి గీత ఒకదాన్నొకటి కోసుకునే చోటు కచ్చితంగా ఏదో ఒక స్టేషన్ గీత మీదే పడాలి. రెండు స్టేషన్ల నడుమ పడిందంటే ఆ పథకం పనికిరాదు. ఈ చార్టు కంట్రోలర్ కళ్లతో చూసి గీసేది కాదు. ప్రతి స్టేషన్ మాస్టరూ ఫోన్లో 'ఫలానా బండి ఇన్ని గంటలకు వచ్చింది, ఇన్ని గంటలకు వెళ్లింది' అని చెబితే గీసేది. కంట్రోల్ ఫోన్ ఒకే తీగ మీద సెక్షన్లోని స్టేషన్లన్నిటినీ కలుపుతుంది. ఒకరు మాట్లాడేది ఇంకొకరు వినొచ్చు. మేం కూడా ఒక వాయిస్ చానల్‌ని కంట్రోల్ ఫోన్‌గా పెట్టుకున్నాం. డ్రైవరుకీ స్టేషన్‌కీ మధ్య వాకీటాకీ కోసం ఇంకొకటి వేరుగా ఉంటుంది.

కంట్రోలర్‌గా కూర్చున్నవాళ్లు మ్యాపు తెరవకూడదు. ఇది మా మొదటి నియమం. వాళ్ల దగ్గర గ్రాఫు కాగితం, రంగు పెన్సిళ్లు, హెడ్‌ఫోన్ మాత్రమే ఉంటాయి. స్టేషన్ మాస్టర్లు తమ యార్డు వరకే చూసుకోవాలి, పక్క స్టేషన్ వైపు మ్యాపు జరపకూడదు. హోస్టుగా ఉన్న నాకు మాత్రం అంతా కనిపిస్తుంది కాబట్టి ఆట నడుస్తున్నంతసేపూ కంట్రోల్ ఫోన్లో నేను నోరు విప్పను. కళ్లెదుట ఒక గూడ్సు అనవసరంగా అరగంట నిలబడుతుంటే చెప్పకుండా ఉండటం కష్టమే. అయినా చెప్పను. నేను చెప్పిన మరుక్షణం అక్కడున్న ఐదారుగురి పనికి అర్థం పోతుంది.

ఇక లైన్ క్లియర్ సంగతి. పక్క స్టేషన్ అనుమతి లేకుండా ఒక స్టేషన్ బండిని వదలకూడదన్నది అబ్సల్యూట్ బ్లాక్ పద్ధతికి ప్రాణం. అనుమతి ఇచ్చే మాస్టరు ముందుగా చూసుకోవాల్సినవి ఉన్నాయి. అంతకుముందటి బండి పూర్తిగా వచ్చేసి ఉండాలి. తన మొదటి స్టాప్ సిగ్నల్ దాకా లైను ఖాళీగా ఉండాలి. ఆ సిగ్నల్ దాటాక కూడా కొంత మేర ఖాళీ ఉండాలి. రెక్క కిందికి వాలే పాత సిగ్నళ్లయితే 400 మీటర్లు, ఇప్పటి మల్టిపుల్ యాస్పెక్ట్ సిగ్నళ్లయితే 180 మీటర్లు. సింగిల్ లైన్లలో చాలాకాలం నీల్స్ బాల్ టోకెన్ యంత్రాలు వాడారు. రెండు స్టేషన్లలో రెండు యంత్రాలు, లోపల ఉక్కు గుండ్లు. ఒక గుండు బయటికి వచ్చిందంటే అది తిరిగి ఏదో ఒక యంత్రంలో పడేదాకా రెండో గుండు రాదు. ఆ గుండును తోలు సంచిలో పెట్టి, బెత్తపు చట్రానికి తగిలించి, కదిలే బండిలో ఉన్న డ్రైవరు చేతికి అందించేవారు. గుండు చేతిలో ఉంటేనే ఆ సెక్షన్లోకి పోయే హక్కు.

ఓపెన్ రైల్స్‌కి ఈ లైన్ క్లియర్ సంగతేమీ తెలియదు. ముందున్న పట్టా ఖాళీగా కనిపిస్తే సిగ్నల్ దానంతటదే ఇచ్చేస్తుంది. అందుకే మేం ఆట మొదలుకాకముందే స్టేషన్ నుంచి బండిని వదిలే స్టార్టర్ సిగ్నళ్లన్నిటినీ ఎరుపులో బిగించేస్తాం. మాటతో లైన్ క్లియర్ వచ్చాకే మాస్టరు చేత్తో వదలాలి. వచ్చిందనడానికి సాక్ష్యం ప్రైవేట్ నంబరు. ఇది రైల్వేలో నిజంగా ఉన్న పద్ధతే. ప్రతి స్టేషన్ మాస్టరు దగ్గరా వరుస లేని నంబర్ల కాగితం ఒకటి ఉంటుంది. ఒప్పుకున్నప్పుడు అందులో తర్వాతి నంబరు చెప్పి, దాన్ని కొట్టేస్తాడు. అవతలి మాస్టరు తన రిజిస్టర్లో రాసుకుంటాడు. 'సరే అన్నాడనుకున్నాను' అనడానికి ఇక వీల్లేదు. ఆ కాగితాలు నేనే తయారుచేసి పంపిస్తాను. వాటిని అచ్చు తీసుకుని, పెన్నుతోనే కొట్టేయాలని పట్టుబడతాను. తెర మీద టిక్కు పెట్టడంలో ఆ బరువు రాదు.

ఒక రాత్రి జరిగిన క్రాసింగ్ దగ్గరగా చూపిస్తాను. పాకాల వైపు నుంచి గూడ్సు వస్తోంది, 58 బాక్స్ వ్యాగన్లు, వెనక బ్రేక్ వ్యాను. ములకలచెరువు వైపు నుంచి తిరుపతి ప్యాసింజరు. కంట్రోలర్ గూడ్సును వాయల్పాడు లూపులో పెట్టమన్నాడు. వాయల్పాడు మాస్టరు కూర్చున్నది పుంగనూరులో. రైలు పట్టా లేని ఊరు. చిన్నప్పుడు రైలెక్కాలంటే బస్సెక్కి మదనపల్లె రోడ్డుకి రావాల్సి వచ్చిన మనిషి ఆయన. ఇప్పుడు ఆయన మాట లేకుండా ఆ లైన్లో చక్రం కదలదు.

మన రైల్వేలో లూపు ప్రామాణిక పొడవు 686 మీటర్లు. 58 వ్యాగన్ల రేకు, ఇంజన్లు, బ్రేక్ వ్యాను కలిపితే అందులో మిగిలేది చాలా తక్కువ. ముందు ఇంజను స్టార్టర్ దాటకూడదు, వెనక ఆఖరి పెట్టె ఫౌలింగ్ మార్కు లోపలికి, అంటే పక్క పట్టా మీది బండికి తగలని హద్దు లోపలికి రావాలి. ఇంజనులో ఉన్నవాడికి వెనక ఏముందో తెలియదు. అందుకే మేం గార్డును పెడతాం. 2022 నుంచి రైల్వే ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటోంది, మా నోళ్లకు ఇంకా గార్డే. ఆటలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఈ పనికి మొహం ముడుచుకుంటారు. ఆరువందల మీటర్ల వెనక కూర్చుని చేసేదేముందని. ఆ రాత్రి జరిగిన మాటలు ఇవి. ఎల్‌వీ బోర్డంటే ఆఖరి పెట్టె వెనక తగిలించే పలక, 'రెండు బండ్లు' అంటే రెండు వ్యాగన్ల పొడవు.

"వాయల్పాడు, మదనపల్లె రోడ్ మాట్లాడేది. ప్యాసింజర్‌కి లైన్ క్లియర్ కావాల."

"ఉండండి సార్, గూడ్సు ఇంకా లోపలికి రాలేదు. గార్డూ, ఎక్కడున్నావ్ నాయనా?"

"అన్నా, ఎల్‌వీ బోర్డు ఇంకా పాయింటు మీదనే ఉండాది. రెండు బండ్లంత లాగమనండి."

"డ్రైవరు తమ్ముడూ, మెల్లిగా రెండు బండ్లు లాగు. స్టార్టర్ చూసుకో."

ఇంజను మెల్లిగా కదిలింది. కప్లింగులు ఒకదాని తర్వాత ఒకటి బిగుసుకుంటూ ఆ కదలిక వెనకదాకా రావడానికి సమయం పడుతుంది. గార్డు నుంచి మాట లేదు. ప్యాసింజరు మదనపల్లె రోడ్డులో నిలబడే ఉంది. కంట్రోలర్ రెండుసార్లు అడిగాడు. వాయల్పాడు మాస్టరు తొణకలేదు. చివరికి గార్డు చెప్పాడు. "వచ్చేసినాదన్నా. ఫౌలింగ్ మార్కు లోపలికి వచ్చేసినాది." ఆ తర్వాతే మాస్టరు పాయింట్లు మెయిన్‌కి మార్చుకుని, రిజిస్టర్లో టైము రాసుకుని, ప్రైవేట్ నంబరు విడివిడిగా రెండు అంకెలూ పలికాడు. ఆ గార్డు కుప్పం కుర్రాడు. తర్వాతి వారం తనే అడిగి మళ్లీ బ్రేక్ వ్యాను తీసుకున్నాడు.

మోడల్ రైళ్ల లోకంలో ఇలాంటి ఆటకు పెద్ద చరిత్ర ఉంది. అమెరికాలో ఫ్రాంక్ ఎల్లిసన్ అనే ఆయన 1940లలో 'మోడల్ రైల్‌రోడర్' పత్రికలో దీన్ని నాటకంతో పోల్చి రాశాడు. లేఅవుట్ రంగస్థలం, బండ్లు పాత్రధారులు, టైమ్‌టేబుల్ కథ. బొమ్మ రైలును గుండ్రంగా తిప్పడం మాని ఒక పని కోసం నడపాలని చాలామందికి నేర్పింది ఆయన రాతలే. నేను సగమే ఒప్పుకుంటాను. టైమ్‌టేబుల్ కథ కాదు, కథ ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే కాగితం మాత్రమే. ఏ క్రాసింగ్ ఎక్కడ జరగాలో నేను ముందే రాసి ఇస్తే, వచ్చినవాళ్లు అప్పజెప్పడం తప్ప చేసేదేమీ మిగలదు. కాబట్టి నేనిచ్చేవి మూడే: బండ్ల జాబితా, ఎక్కడ వేగం తగ్గించాలో చెప్పే కాషన్ ఆర్డర్లు, రాత్రి ఎనిమిదికి ఏ బండి ఎక్కడుందన్న స్థితి. గూడ్సు ఎప్పుడు ఏ దిక్కు నుంచి వస్తుందో కంట్రోలర్‌కి కూడా ముందుగా చెప్పను.

మాకు నిజమైన గురువు మా బృందంలోని రిటైర్డ్ స్టేషన్ మాస్టరు గారు. సికింద్రాబాద్ దగ్గర మౌలాలిలో ఉన్న జోనల్ రైల్వే ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్లో ఆయన శిక్షణ పొందారు. అక్కడి మోడల్ రూమ్ గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారుతుంది. చిన్న పట్టాలు, చిన్న స్టేషన్లు, కానీ బ్లాక్ పరికరాలు, రిజిస్టర్లు అసలువే. శిక్షణకు వచ్చినవాళ్లు ఒక్కో స్టేషన్ దగ్గర కూర్చుని అచ్చం డ్యూటీలో లాగే మాట్లాడుకుంటూ బండ్లు నడపాలి. తప్పు చేస్తే అక్కడే చేయాలి. మేం కంప్యూటర్లలో కష్టపడి కట్టుకుంటున్నది రైల్వే ఎప్పుడో ఒక గదిలో కట్టి పెట్టుకుంది. ఆయన మాకిచ్చిన సలహాల్లో నాకు బాగా ఉపయోగపడింది ఒకటుంది. రాత్రికి ఒక్క వైఫల్యం చాలు, అదీ ఎప్పుడన్నా. స్టేషన్లోకి బండిని రానిచ్చే హోమ్ సిగ్నల్ ఒకటి పనిచేయదనుకుందాం. అప్పుడు మాస్టరు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి, డ్రైవరు తిరిగి చదివి వినిపించాలి. ఆ ఒక్కదానికే అందరికీ చెమటలు పడతాయి. ప్రతి వారం ప్రమాదాలు, మంటలు పెడితే అది సినిమా అవుతుంది.

నెట్ పోతే ఏం చేయాలన్నది మొదట్లో మమ్మల్ని వేధించింది. ఇప్పుడు దానికి కూడా రైల్వే సమాధానమే పెట్టుకున్నాం. డ్రైవరు మాయమైతే సెక్షన్లో ఇంజను ఫెయిలైనట్టు. ఆ లైన్ మూసినట్టే. అతను తిరిగి వచ్చేదాకా, లేకపోతే ఇంకో ఇంజను పంపి లాక్కొచ్చేదాకా అటు ఇటు లైన్ క్లియర్ ఉండదు. ఆట ఆపి ఎదురుచూడటం కంటే ఇది ఎంతో మేలు. మోడల్ రైళ్లవాళ్లు గడియారాన్ని వేగంగా తిప్పుకుని ఒక పూటలో ఒక రోజంతా నడుపుతారు. మాకు నిమిషానికి నిమిషమే. కాబట్టి లూపులో నలభై నిమిషాలంటే నిజంగా నలభై నిమిషాలే. ఆ నిరీక్షణను తట్టుకోలేనివాళ్లు ఒకటి రెండు వారాల్లో మానేస్తారు. బతిమాలను.

ఇప్పుడు కుప్పం కుర్రాళ్లు తమ లైన్ నడపాలంటున్నారు. న్యాయమే. 1864లో బెంగళూరుకు రైలును చేర్చింది కుప్పం మీదుగా పోయే ఆ జోలార్‌పేట లైనే. ఈనాటి డబుల్ లైన్ మీద బృందావన్ నుంచి వందే భారత్ దాకా బండ్లు పరుగెత్తుతున్నాయి. అక్కడ ఎదురు బండి సమస్య లేదు, వెనక నుంచి తరుముకొచ్చే బండి సమస్య ఉంది. జోలార్‌పేట నుంచి పైకి ఎక్కే గూడ్సును ఎక్కడ పక్కన పెట్టి ఎక్స్‌ప్రెస్‌ను ముందుకు వదలాలి? మల్లానూరులోనా, కుప్పం దాకా రానివ్వాలా? ఎక్కుడులో ఆపిన బరువు బండి మళ్లీ ఎత్తుకోవడానికి ఎంత సమయం తీసుకుంటుంది? వాళ్లు నాకు మొదట ఇంజన్ల జాబితా పంపారు. ఇంజన్లు తర్వాత చూద్దాం, ఏ స్టేషన్లో కూర్చున్నవాళ్లకు ఏది కనిపించాలో రాసి పంపమన్నాను. రెండు రోజుల్లో మంచి కాగితమే వచ్చింది. జోలార్‌పేట వైపు మా రిటైర్డ్ మాస్టరు గారు తానే కూర్చుంటానన్నారు. బంగారుపేట వైపు పుంగనూరు మిత్రుల్లో ఒకరు. మల్లానూరుకి ఇంకా మనిషి కావాలి. ఇంజను నడపడం రానక్కర్లేదు, రిజిస్టర్ శుభ్రంగా రాస్తే చాలు.