విన్నది విన్నట్టు

శుక్రవారం మ్యాట్నీ పడకముందే సినిమాకు 2.75 అని రేటింగ్ వచ్చేస్తుంది. ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్ లాగింది, బీజీఎం అదిరింది అని టీ కొట్టు దగ్గర కూడా తీర్పు దొరుకుతుంది. అదే శుక్రవారం ఏ సినిమా అండా లేని బ్యాండ్ ఒకటి సొంత డబ్బు పోసి ఆల్బమ్ తెస్తే, తెలుగులో దాని గురించి రెండు పేరాలు రాసే దిక్కు ఉండదు. పాట కింద ‘సూపర్ అన్నా’ అని నాలుగు పొగడ్తలు పడతాయి. ఇంకా నచ్చితే ‘సినిమా పాటలా ఉంది’ అని కితాబిస్తారు. అంతటితో సరి.

కొత్త ఆల్బమ్ గురించి వివరంగా, నిర్మొహమాటంగా తెలుగులో రాయడం ఇవాళ చాలా అవసరమని నా నమ్మకం. ఆ పనికి తిరుపతి, చిత్తూరు ప్రాంతం బాగా తగినదని కూడా నమ్ముతాను. చెన్నై మనకు మూడు, నాలుగు గంటల దూరం. బెంగళూరు ఐదారు గంటలు. హైదరాబాద్ అయితే ఒక రాత్రి ప్రయాణం. అందుకే ఇళయరాజా, త్యాగరాజు, కన్నడ రాక్ బ్యాండ్లు ఇక్కడి చెవికి చిన్నప్పటి నుంచీ పరిచయమే. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. పాటకు లక్షణం రాసిన చోటు ఇది.

అన్నమయ్య (1408-1503) పదాలు పాడి ఊరుకోలేదు. పదం ఎలా ఉండాలో సంస్కృతంలో ‘సంకీర్తన లక్షణం’ రాశాడు. ఆ మూలం మనకు దక్కలేదు గానీ, మనవడు చిన తిరుమలాచార్యుడు దాన్ని తెలుగు చేసిన పుస్తకం దక్కింది. తన పదాల పోకడను ఎత్తుకుపోయి రాసేవాళ్లను నిలదీస్తూ అన్నమయ్య ఏకంగా ఒక పదమే కట్టాడు. అంటే ఈ తిరుమల కొండ మీద పాట, పాట మీద విమర్శ ఒకే ఇంట్లో పెరిగాయి. ఆ ఇంటి చుట్టుపక్కల బతుకుతున్న మనం ఒక ఆల్బమ్ గురించి ‘సూపర్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది.

ఏ బ్యాండ్ అయినా కీర్తనకు ఎలక్ట్రిక్ గిటార్ జోడిస్తే మన దగ్గర ముందుగా వినపడే మాట ‘అపచారం’. భక్తితో అన్న మాటను నేను గౌరవిస్తాను. కానీ అది సంగీతం మీద అభిప్రాయం కాదు. అన్నమయ్య పదాలను చెక్కిన తాళ్లపాక వారి రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. స్వరాలు మాత్రం లేవు. ఈరోజు మనం పాడుకుంటున్న వరసలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ లాంటి వాళ్లు కట్టినవే. ‘నానాటి బ్రతుకు’ను నేదునూరి రేవతిలో కట్టారు. రాగిరేకులో ఉన్న రాగం వేరు. 1978లో టీటీడీ అన్నమాచార్య ప్రాజెక్టు మొదలయ్యాక ఆ వరసలు ఇంటింటికీ చేరాయి. మన పెద్దవాళ్లు వాటిని కొత్త పాటలుగానే విన్నారు. ఈ వరస ఈ మాటలకు నప్పిందా అని ఒకరినొకరు అడిగి, తేల్చుకుని, నిలిచినవాటిని నిలుపుకున్నారు. గిటార్‌నూ అదే ప్రశ్న అడుగుదాం. నప్పిందా, లేదా?

బెంగళూరు బ్యాండ్ ‘అగం’నే తీసుకుందాం. 2012లో ‘ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్’, 2017లో ‘ఎ డ్రీమ్ టు రిమెంబర్’, 2025లో ‘అరైవల్ ఆఫ్ ది ఎథీరియల్’ తెచ్చిన బ్యాండ్ ఇది. వాళ్ల ప్రోగ్రెసివ్ రాక్‌కు త్యాగరాజ కీర్తనలు ఆయువుపట్టు. రెండో ఆల్బమ్‌లో నళినకాంతి రాగంలోని ‘మనవ్యాలకించరాదటే’ను ‘మిస్ట్ ఆఫ్ కాప్రికార్న్’ పేరుతో చేశారు. కచేరీలో ఈ కీర్తన పల్లవి సంగతి వెంట సంగతిగా ఒక్కో మెట్టు ఎక్కుతుంది. మృదంగం, వయొలిన్ గాయకుడి వెంటే ఆ మెట్లన్నీ ఎక్కుతాయి. రాక్‌లో పద్ధతి వేరు. గిటార్ రిఫ్ అదే చోట మళ్లీ మళ్లీ తిరుగుతుంది. ఆ తిరుగుడు మీద హరీష్ శివరామకృష్ణన్ గొంతు పైకి వెళ్తుంటే, కింద నేల కదలకుండా ఉన్నందువల్ల ఆ ఎత్తు మనకు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. కచేరీలో దొరకని అనుభవం ఇది. దీన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

నాకు తక్కువనిపించిందీ ఆ పాటలోనే ఉంది. అది మనవి వినమని బతిమాలుకునే కీర్తన. పాట సాగే కొద్దీ వాద్యాల బరువు పెరిగి, చివరికి వచ్చేసరికి బతిమాలే గొంతు గెలిచిన గొంతులా వినిపిస్తుంది. మాటలోని వేడికోలు అందకపోవడానికి శబ్దశాస్త్రపరమైన కారణమూ ఉంది. హల్లుల స్పష్టత ఎక్కువగా 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. డిస్టార్షన్ పెట్టిన గిటార్ కూడా అక్కడే పరుచుకుంటుంది. మిక్సింగ్ చేసేవాళ్లు గిటార్‌ను ఆ మేరకు తగ్గించి గొంతుకు దారి ఇవ్వాలి. ఇవ్వకపోతే మాటలు మసకబారతాయి. తెలుగు రాని శ్రోతకు ఆ తేడా తెలియదు. మనకు తెలుస్తుంది. అందుకే ఈ ఆల్బమ్‌ల గురించి ఇంగ్లిష్ పత్రికలు ఎంత బాగా రాసినా, మనం చెప్పవలసింది మనకు మిగిలే ఉంటుంది.

ఇలా రాయడానికి నాదొక పద్ధతి ఉంది. ఆల్బమ్‌ను మొదటిసారి ఆసాంతం వింటాను, ఏమీ రాసుకోను. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే బస్సు ఇందుకు బాగా పనికొస్తుంది. డెబ్బై కిలోమీటర్ల దారిలో నలభై, యాభై నిమిషాల ఆల్బమ్ పూర్తయి, దాని గురించి ఆలోచించుకోవడానికి కాస్త సమయం కూడా మిగులుతుంది. రెండోసారి హెడ్‌ఫోన్స్‌తో, చేతిలో కాగితంతో. ఏ పాటలో ఎన్నో నిమిషంలో చెవి నిక్కింది, ఎక్కడ మనసు పక్కకు పోయింది అన్నదే రాసుకుంటాను. మూడోసారి ఫోన్ స్పీకర్‌లో, ఎందుకంటే మన జనం ఎక్కువగా వినేది అందులోనే. బేస్ గిటార్ మాయమైనా పాట నిలబడుతోందా అన్నది అక్కడే తేలిపోతుంది. తీర్పు చివర్లో వస్తుంది. అది కూడా కాగితం మీద ఉన్న నిమిషాలు ఒప్పుకుంటేనే.

మామూలు శ్రోత చెవిని తక్కువగా చూడకూడదు. 2008లో మెటాలికా బ్యాండ్ ఆల్బమ్ ‘డెత్ మాగ్నెటిక్’ వచ్చినప్పుడు, శబ్దాన్ని మరీ నొక్కిపట్టి పెంచేశారని కనిపెట్టింది అభిమానులే. ‘గిటార్ హీరో’ వీడియో గేమ్‌లోని అవే పాటలను పక్కన పెట్టి పోల్చి, ఆల్బమ్‌ను మళ్లీ మిక్స్ చెయ్యమని సంతకాలు సేకరించారు. అభిప్రాయమంటే అలా ఉండాలి.

అంకెల మీద నాకు అంత నమ్మకం లేదు. ర్యాన్ ష్రైబర్ మొదలుపెట్టిన సంగీత విమర్శ వెబ్‌సైట్ పిచ్‌ఫోర్క్ పదికి దశాంశాలతో మార్కులు వేసి ఇండీ రాక్ ప్రపంచాన్ని శాసించింది. 2000లో రేడియోహెడ్ ‘కిడ్ ఎ’కు పదికి పది ఇచ్చింది. 2004లో ఆర్కేడ్ ఫైర్ ‘ఫ్యునరల్’కు 9.7 ఇస్తే ఆ బ్యాండ్ దశ తిరిగింది. 2024 జనవరిలో అదే పిచ్‌ఫోర్క్‌ను యాజమాన్యం జీక్యూ పత్రికలో కలిపేసింది. అంకె ఎంత చర్చ రేపినా, ఆ ఆల్బమ్‌ను ఎలా వినాలో నేర్పింది అంకె కింద ఉన్న వ్యాసమే. మన దేశంలో 1993లో అమిత్ సైగల్ అలహాబాద్ నుంచి ‘రాక్ స్ట్రీట్ జర్నల్’ తెచ్చాడు. ముంబయిలోనో ఢిల్లీలోనో ఉంటేనే రాక్ గురించి రాయగలమన్న అపోహ అప్పుడే పోవలసింది. అలహాబాద్‌కు చేతనైంది తిరుపతికి చేతకాదా?

పొరుగువాళ్లను చూస్తే ఆశ కలుగుతుంది. 2008లో కేరళ బ్యాండ్ ‘అవియల్’ పూర్తిగా మలయాళంలో ఆల్టర్నేటివ్ రాక్ ఆల్బమ్ చేసి, ఈ సంగీతానికి ఇంగ్లిషే కావాలన్న మాటను తుడిచేసింది. అదే ఏడాది కన్నడ, హిందీ పాటలతో రఘు దీక్షిత్ ఆల్బమ్ వచ్చింది. మనకు హైదరాబాద్ బ్యాండ్ ‘చౌరస్తా’ ఉంది. ‘ఊరెళ్లిపోతా మామా’లో గిటార్, రెగే నడక, పల్లె మాట ఏ బెరుకూ లేకుండా కలిసిపోయాయి. తర్వాత ఆ బ్యాండ్‌లో పాడిన రామ్ మిర్యాల గొంతును ‘జాతిరత్నాలు’, ‘డీజే టిల్లు’ సినిమాలు అందుకున్నాయి. అది ఆయన ప్రతిభకు దక్కిన గౌరవం, సంతోషమే. కానీ సినిమా పిలుపు వస్తే తప్ప ఒక పాటకు గుర్తింపు లేదంటే ఆ లోటు వినేవాళ్లది. ఎనిమిది పాటలను ఒక వరుసలో పేర్చి, మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఒక ఆలోచనను నడపాలంటే, ఆ నడకను గమనించే మనిషి ఒకడున్నాడని బ్యాండ్‌కు తెలియాలి. గమనించేవాళ్లు లేకపోతే ఒక్కో పాటగా యూట్యూబ్‌లో పెట్టి ఊరుకుంటారు.

ఎస్వీ సంగీత నృత్య కళాశాలలో గమకం సాధన చేసే అమ్మాయికి ఒక మాట, ఇంజినీరింగ్ హాస్టల్లో గిటార్ పట్టిన అబ్బాయికి ఒక మాట. ఈ నెల ఒక కొత్త ఆల్బమ్ ఎంచుకుని ఇద్దరూ చెరో పేజీ తెలుగులో రాయండి. రాగం తెలిసిన చెవికి ఒకటి పట్టుబడుతుంది, రిఫ్ తెలిసిన చెవికి మరొకటి. స్నేహితుల బ్యాండ్ అని మొహమాటపడొద్దు, పెద్ద పేరని భయపడొద్దు. మెచ్చుకున్నా తప్పుపట్టినా ఏ పాటలో, ఎక్కడో చూపించండి. ఎవరో తమ పాటను అంత శ్రద్ధగా విన్నారని తెలిసిన బ్యాండ్ రెండో ఆల్బమ్‌ను మరింత ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తుంది.