చార్టులో లేని గడి

మేము ఉట్నూరు చుట్టుపక్కల గోండు గూడేల బడుల్లో పనిచేసే పంతుళ్లం. మా చదువు డీఎడ్ వరకే. ఆర్థికశాస్త్రం మేము చెప్పే పాఠం కాదు. అయినా అభివృద్ధి పేరుతో గూడేనికి ఎవరొచ్చినా ముందు మమ్మల్నే వెతుక్కుంటారు. వాళ్లు తెలుగులో చెప్పింది మేము గోండిలో చెప్పాలి. మావాళ్లు గోండిలో అన్నది చార్టు మీద తెలుగులో రాయాలి. ఇట్లా ఎన్నో శిక్షణల్లో మధ్యన నిలబడ్డాం. అందుకే ఈ పని చేసేవాళ్లకు ఏ పుస్తకాలు దారి చూపిస్తున్నాయో తెలుసుకోవాలనిపించింది. దొరికిన కొన్నిటిని నిఘంటువు పక్కన పెట్టుకుని, కలిసి కూర్చుని చదివాం.

ముందు ఒక శిక్షణ సంగతి చెప్పాలి. చార్టును నాలుగు గడులు చేశారు: బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు. బలాల్లో అడవి, కంది పంట, మహిళా సంఘం చేరాయి. బలహీనతల్లో చదువు లేకపోవడం, మార్కెట్ తెలియకపోవడం, పొదుపు అలవాటు లేకపోవడం చేరాయి. ఇవి మావాళ్లు తమంతట తాము చెప్పినవి కావు. శిక్షకుడు అడిగిన తీరులోనే జవాబులు ఉన్నాయి. రాసింది మాత్రం మా చెయ్యే. అప్పుడు వెనక కూర్చున్న ఒక పెద్దాయన లేచి, "సారూ, సడక్ పక్క నల్లరేగడి మా తాత దున్నింది. ఇప్పుడు అదే చేన్ల నేను కూలికి పోతున్న. ఇది ఏ గడిల రాస్తవు?" అని అడిగాడు. మేము శిక్షకుడి వైపు చూశాం. "అది పాత విషయం. ఇక ముందు ఏం చేద్దామో చూద్దాం" అన్నాడాయన. ఆ మాటనే గోండిలో చెప్పి పెద్దాయనను కూర్చోబెట్టాం. అది మా నోటితో చెప్పినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఆ చార్టు ప్రకారం పప్పు మిల్లు వచ్చింది. మిషన్ మంచిదే. కందులే రాలేదు. తొలకరిలో విత్తనానికీ ఎరువుకూ సావుకారు దగ్గర అప్పు తెచ్చినవాళ్లు పంటను ఆయన కాంటా మీదే పెట్టాలి. కంది కోయకముందే అమ్ముడుపోయింది. మిల్లు ఖాళీగా ఉండిపోయింది. సంఘం సభ్యుల్లో చొరవ లేదని నివేదికలో రాశారు.

ఇలాంటి చార్టులు ఎక్కడి నుంచి వస్తాయో వెతికితే రెండు పుస్తకాలు దొరికాయి. ఒకటి ఐక్యరాజ్యసమితి ఆవాస సంస్థ యూఎన్ హాబిటాట్ 2005లో నాలుగు సంపుటాలుగా వేసింది. రెండోది ప్రపంచ బ్యాంకు 2006లో స్థానిక ఆర్థికాభివృద్ధి గురించి వేసిన ప్రవేశిక. ఈ పని నేర్చుకునేవాళ్లకు ప్రపంచమంతటా ఇవి పాఠ్యపుస్తకాల లాంటివి.

మంచిని ముందు చెప్పుకోవాలి. రెండూ ఓపికగా, అడుగు తర్వాత అడుగు చెప్తాయి. ప్రణాళికను పైనుంచి దించొద్దని, ఊళ్లో ఉన్న అన్ని వర్గాలను కూర్చోబెట్టమని అంటాయి. పని అయ్యాక ఫలితం చూసుకోమంటాయి. హాబిటాట్ పుస్తకం పది మెట్లను నాలుగు ప్రశ్నల కింద పెట్టింది: ఇప్పుడు ఎక్కడున్నాం? ఎక్కడికి పోవాలి? ఎట్లా పోవాలి? చేరామా? పిల్లలకు పాఠం చెప్పడానికి కూడా పనికొచ్చే వరస ఇది.

కానీ మా పెద్దాయన ప్రశ్న ఈ నాలుగిటిలో లేదు. ఆయన అడిగింది, "ఇక్కడికి ఎట్లా వచ్చాం?" అని. ఆ ప్రశ్న వేయకుండా "ఇప్పుడు ఎక్కడున్నాం" అని అడిగితే, పోయిన భూమి పేదరికం అనే గడిలో పడుతుంది. లాక్కున్నది లేకపోవడంగా మారిపోతుంది. ఇక బ్యాంకు పుస్తకం రాసింది ప్రధానంగా పట్టణాల కోసం. వ్యాపారానికి అనుకూలమైన వాతావరణం ఉండాలంటుంది. మా దగ్గర అప్పిచ్చేదీ పంట కొనేదీ తూకం వేసేదీ ఒకే మనిషి. ఆయనకు అనుకూలమైన వాతావరణం చాలా ఏళ్లుగా ఉంది.

రాబర్ట్ ఛాంబర్స్ 1983లో రాసిన 'రూరల్ డెవలప్‌మెంట్: పుటింగ్ ద లాస్ట్ ఫస్ట్' మాకు ఎక్కువ దగ్గరైంది. ఊళ్లు చూడటానికి వచ్చేవాళ్లు తారురోడ్డు పక్కనే ఆగిపోతారని, పథకం నడిచే ఊరినే చూస్తారని, పెద్దమనుషులతోనే మాట్లాడతారని, వానలు తగ్గాకే వస్తారని ఆయన రాశారు. చదువుతుంటే మా గూడేనికి వచ్చిన జీపులన్నీ కళ్ల ముందు కదిలాయి. వాగులు పొంగి, జ్వరాలు వచ్చి, ఇంట్లో గింజలు అయిపోయి, అప్పు పుట్టేది వానాకాలంలోనే. అప్పుడు ఒక్క జీపూ రాదు. ఛాంబర్స్ చూసేవాడి కన్ను సరిచేశారు. అయితే చూశాక సావుకారు ఖాతా ముందు ఏం చేయాలన్నది ఆ కన్ను ఒక్కటే చెప్పలేదు.

పెద్దాయన ప్రశ్నకు సగం జవాబు హైమన్‌డార్ఫ్ రాసిన 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా: ద స్ట్రగుల్ ఫర్ సర్వైవల్'లో ఉంది. 1940లలో మార్లవాయిలో ఉండి మావాళ్ల జీవితం రాసిన మనిషి ఆయన. గోండు పంతుళ్ల శిక్షణ కూడా అక్కడే మొదలైంది. మా వృత్తికి ఆ ఊరు పుట్టిల్లు. 1970లలో ఆయన మళ్లీ వచ్చేసరికి, పట్టాలు ఇప్పించిన భూములే చేతులు మారాయి. రోడ్లు రావడం, వాటి వెంట వలస రైతులు రావడం, అప్పు కింద చేను పోవడం ఆయన ఊరూరా రాశారు. అభివృద్ధి ఉద్యోగానికి వచ్చేవాళ్లు మొదటి నెలలోనే ఈ పుస్తకం చదవాలంటాం.

దీంట్లోనూ మాకు ఒక పేచీ ఉంది. ఇందులో గోండులు ఎక్కువగా పోగొట్టుకునేవాళ్లుగా కనిపిస్తారు, కాపాడటానికి మంచి అధికారి కావాలి. హైమన్‌డార్ఫ్‌ను నిజాం సర్కారు ఇటు పంపింది 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము పోరాడి చనిపోయిన తర్వాతే. ఈ పుస్తకం అచ్చయింది 1982లో. అంతకు ముందు ఏడాది, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో భూమి కోసం సభకు కదిలిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. అడిగినవాళ్ల చరిత్ర కూడా ఆర్థికాభివృద్ధి చదువులో భాగమే.

మిగతా సగం జవాబు చట్టంలో ఉంది. 1959లో వచ్చిన ఒకటో రెగ్యులేషన్ 1963లో తెలంగాణ ఏజెన్సీకి వచ్చింది. 1970 సవరణ ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమిని, కాదని రుజువయ్యేదాకా, ఆదివాసీ నుంచి వచ్చిన భూమిగానే భావించాలి. 1996 పెసా చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద, ఊరి సంతల మీద, వడ్డీ వ్యాపారం మీద గ్రామసభకు అధికారం గుర్తించింది. 2006 అటవీ హక్కుల చట్టం ఆ ఉత్పత్తులను ఏరుకుని అమ్ముకునే హక్కు ఇచ్చింది. వడ్డీనీ సంతనూ అదుపు చేసే అధికారం ఉన్న గ్రామసభ కంటే పెద్ద ఆర్థిక సంస్థ గూడెంలో ఏముంది? మేము అనువాదం చేసిన శిక్షణల్లో మాత్రం ఈ చట్టాలు ఒక్క పూట పాఠంగానైనా రాలేదు. ఇప్పపువ్వుతో లడ్డు చేయడం నేర్పారు. పువ్వు మీద హక్కు ఎవరిదో చెప్పలేదు.

కాబట్టి ఆ పుస్తకాలను పారేయమని మేము అనడం లేదు. వాటి పక్కన భూమి చట్టాలు ఉండాలి, మా చరిత్ర ఉండాలి, మేము రాసుకున్న లెక్క ఉండాలి. ఆ చివరిది ఎవరో వచ్చి రాసిపెట్టేది కాదు. పంతుళ్లుగా అది మన పని. ఏడో తరగతి పిల్లలతో సంత రోజు తూకం, ధర, కోత రాయించవచ్చు. ఇంటి పెద్దను అడిగి ఏ చేను ఎప్పుడు, ఎంత అప్పు కింద పోయిందో రాయించవచ్చు. అది గణితమూ అవుతుంది, సాంఘికశాస్త్రమూ అవుతుంది.

మేము ఈ ఏడు మొదలుపెట్టాం. ఆ పెద్దాయన మనవరాలు మా బడిలోనే ఉంది. నల్లరేగడి చేను సంగతి ఆ పిల్ల నోటుబుక్కులో మొదటి పేజీలో ఉంది. ఈసారి చార్టు పట్టుకుని ఎవరైనా వస్తే, గడులు గీయకముందే ఆ పేజీ చదివి వినిపిస్తాం.