నీళ్ల బరువు

మోటార్‌సైకిల్ మీద ఆస్ట్రేలియా ఎడారి దాటుదామనుకునేవాళ్లకు నా మొదటి సలహా: ముందు ఇంట్లోకి ఒక కాటా కొనుక్కోండి.

ఊడ్నాడాటా ట్రాక్ సంగతే చూడండి. దక్షిణ ఆస్ట్రేలియాలో మారీ నుంచి మార్లా దాకా సుమారు 620 కిలోమీటర్ల మట్టిరోడ్డు. మధ్యలో పెట్రోలు పోయించుకోవాలంటే విలియం క్రీక్, ఊడ్నాడాటా. ఒక బంకుకీ ఇంకో బంకుకీ దాదాపు 200 కిలోమీటర్లు. లెక్కకు నా ట్యాంకు చాలు. కానీ ఇసుకలోనో, ఎదురుగాలిలోనో మైలేజీ పడిపోతుంది కనుక ఒక డబ్బా అదనం. బండి మొరాయిస్తే సాయం వచ్చేదాకా బతకాలి కనుక నీళ్లు. ఆపైన పనిముట్లు, ట్యూబులు, గుడారం. ఇలా ప్రాణానికి భద్రత పెరిగేకొద్దీ బండి మాట వినడం మానేస్తుంది.

కారణం రోడ్డే. వాహనాలు తొక్కితొక్కి రేకుల కప్పులా ముడతలు పడిన మట్టి అది. ఆ అదురుకు లగేజీ ఫ్రేములు విరుగుతాయి, బోల్టులు ఊడతాయి. బరువంతా వెనక ఎత్తున కడితే ఇసుక తగలగానే ముందు చక్రం తేలిపోతుంది. అందుకే బరువైనవి కిందకీ, బండి నడుముకు దగ్గరగానూ కట్టాలి. అన్నిటికన్నా బరువైనవి నీళ్లే: లీటరుకు కేజీ. పెట్రోలైతే ముప్పావు కేజీ.

ఈ లెక్క నాకన్నా ముందు ఆ దారికే తెలుసు. గ్రేట్ ఆర్టీసియన్ బేసిన్‌లోని భూగర్భజలం ఇక్కడ వరసగా ఊటలై పైకి ఉబుకుతుంది. అరబానా ప్రజలు తరతరాలుగా నడిచింది వాటి వెంటే. 1862లో ఖండాన్ని దాటి ఉత్తర తీరం చేరిన జాన్ మెక్‌డూవాల్ స్టువర్టుకూ అవే ఆధారం. 1872లో పూర్తయిన టెలిగ్రాఫ్ లైను, 1891లో ఊడ్నాడాటా చేరిన రైలు కూడా వాటినే పట్టుకుని సాగాయి. ఆవిరి ఇంజను తాగే నీళ్లన్నీ ఇంజనే మోసుకుపోలేదు మరి. 1980లో ఆ రైలు ఆగిపోయింది. నేటికీ ఊడ్నాడాటా దాకా మట్టిరోడ్డు చాలావరకు ఆ పాత పట్టాల దారినే పోతుంది.

బబ్లర్, బ్లాంచ్ కప్ అనే ఊటలు ఇప్పుడు సంరక్షణ పార్కులో ఉన్నాయి. కళ్లారా చూడొచ్చు గానీ డబ్బాలు నింపుకోకూడదు. కాబట్టి బండివాడు నీళ్లు మోయక తప్పదు, మిగతావాటిలోనే కోత పెట్టుకోవాలి. రెండో జత బూట్లు తీసేశాను. కందిపొడి తేలిక, ఉండనిచ్చాను. బియ్యం తూకానికి తక్కువే, కానీ ఉడకడానికి నీళ్లు అడుగుతుంది, అందుకని వదిలేశాను.

ఇప్పుడు ఏ ప్రయాణానికైనా సామాన్ల పట్టీలో ప్రతి వస్తువు పక్కన రెండు గడులు గీస్తాను. ఒకటి బరువుకు, రెండోది దారిలో అది ఎక్కడ దొరుకుతుందో రాయడానికి. రెండో గడి ఖాళీగా మిగిలినవే ముందుగా బండెక్కుతాయి.