ఒక్క రాత్రి స్వస్థత: తెలుగు తెర మీద మద్యం, మనోవ్యాధి – ఒక కాపరి పరిశీలన

కొన్నేళ్ళ క్రితం మైలవరంలో మా సంఘ సభ్యురాలొకరు తన కుమారుని ప్రార్థనకు తీసుకొచ్చారు. అతడు రాత్రులు నిద్రపోడు, ఎవరో పిలుస్తున్నారని తలుపు తీసుకొని వెళ్ళిపోతాడు. “అయ్యగారూ, చంద్రముఖి సినిమాలోలాగా ఒక్క రాత్రిలో వదిలిపోదా?” అని ఆ తల్లి అడిగింది. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే నా మనసులో ఉన్న నిరీక్షణ కూడా అదే. మూడు వారాలు ఉపవాస ప్రార్థన జరిపించాను కాని, డాక్టరు దగ్గరకు వెళ్ళమని చెప్పలేదు. ఈ వ్యాసం ఆ ఆలస్యం నుండి పుట్టింది.

మన సినిమా ఈ బాధలను ఎలా చూపించింది? మొదటిగా మద్యం. వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో 1953లో వచ్చిన ‘దేవదాసు’లో త్రాగుడు ప్రేమకు కొలమానం అయింది. అక్కినేని నటన గొప్పదే. అయితే దేవదాసు జమీందారు బిడ్డ. అతనికి భార్య లేదు, అన్నం కోసం ఎదురుచూసే పిల్లలు లేరు. కనుకనే అతని త్రాగుడు మనకు విషాదంగా కనబడుతుంది గాని భారంగా కనబడదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద తిరుగుబాటు చేసినప్పుడు ఆ కథలో లేని ఇల్లు బయటికి వచ్చింది. పార్వతిగా నటించిన సావిత్రి తానే మద్యానికి లోనై, 19 నెలలు కోమాలో ఉండి, 1981 డిసెంబరు 26న కన్నుమూసింది. 2018లో ‘మహానటి’ ఆ జీవితాన్ని సానుభూతితో చూపింది.

రెండవది మనోవ్యాధి. గుత్తా రామినీడు తీసిన ‘చివరకు మిగిలేది’ (1960) మానసిక చికిత్సాలయాన్ని మనుష్యులుండే చోటుగా చూపింది. ఇది మెచ్చుకోదగినది. కాని అందులో నర్సు ప్రేమను నటించటమే మందు. చివరకు ఆమే మతి కోల్పోతుంది. 2005లో వచ్చిన ‘చంద్రముఖి’లో కథానాయకుడు మనోవైద్యుడే. రోగాన్ని శాస్త్రీయంగా వివరిస్తాడు. అయినా స్వస్థత మాత్రం భూతవైద్యపు తంతు మధ్య, మనిషి స్థానంలో బొమ్మను పెట్టి, ఒక్క రాత్రిలో ముగుస్తుంది. మరునాడు మాత్రలు లేవు, మళ్ళీ చూపించుకోవటం లేదు. మాటలు వైద్యానివి, ముగింపు మంత్రగానిది.

సినిమాను నిందించటం తేలిక. మన సాక్ష్య కూటాలలో కూడా ఇదే కథనం నడవటం లేదా? వేదిక మీద విడుదల పొందినవానిని చూస్తాం. ఆరు నెలల తరువాత అతని ఇంటికి వెళ్ళేవారెందరు?

మార్కు 5వ అధ్యాయంలో గెరాసేనుల దేశస్థునికి వెంటనే స్వస్థత కలిగిన మాట నిజమే. అయితే సువార్తికుడు అక్కడ ఆగలేదు. వస్త్రాలు ధరించి కూర్చున్న మనిషిని చూపించాడు, అతనిని చూచి భయపడిన ఊరిని కూడా చూపించాడు. వెంట వస్తానన్నవానిని ప్రభువు తన ఇంటివారి యొద్దకే పంపాడు. గొలుసులతో కట్టినవారి మధ్యకే అతడు తిరిగి వెళ్ళాలి. సినిమా చూపనిదీ, సంఘం చేయవలసినదీ ఈ తిరిగి వెళ్ళటమే.

కనుక కాపరులకు నా మనవి. ప్రార్థన మానవద్దు, వైద్యాన్ని ప్రార్థనకు శత్రువుగా చేయవద్దు. మాత్రలు ఆపమని ఎవరికీ చెప్పవద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో బంధించటాన్ని నిషేధించింది; మన ప్రార్థనా మందిరాలు దీనికి మినహాయింపు కాదు.

ఆ కుమారుని చివరకు విజయవాడలో మానసిక వైద్యునికి చూపించాము. నెలకొకసారి అతనితో బస్సెక్కేది తల్లి. ఆమెకు వీలుకానప్పుడు నేను. ఆ ప్రయాణంలో సినిమాకు పనికివచ్చే దృశ్యం ఒక్కటీ లేదు. నా పరిచర్యలో నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠం మాత్రం అక్కడే ఉంది.